స్తంభానికి అవతలి వైపు

భయస్థుల్లో రెండు రకాలని, తిరిగిన ఊళ్ళన్నీ నాకు నేర్పాయి. భయం వేస్తే పారిపోయేవాళ్ళు ఒక రకం. భయం వేస్తే వెనక్కి వెళ్ళి గడియ పడిందో లేదో మళ్ళీ చూసేవాళ్ళు రెండో రకం. మా పక్కవాటా ఆవిడ రెండో రకం. గోదాములో ఆమెను పిట్టగుండె అనేవారు. చాటున కాదు, ఆమెకు వినపడేలాగే.

పెళ్ళయి వచ్చేనాటికి ఆమె మరిది పాలపళ్ళు ఊడుతున్న పిల్లాడు. అత్తగారు అప్పటికే లేరు. భర్త లారీ మీద వారాల తరబడి తిరిగేవాడు. ఆ పిల్లాడికి అన్నం కలిపి పెట్టిందీ, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసిందీ, గోడ ఎక్కితే కింద చేతులు చాచి నిలబడిందీ ఆమే. వాడు పెద్దవాడై గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే పనిలో చేరాడు. ఏడాది తిరక్కుండా ఆమె కూడా అక్కడే చేరింది. "మా వదిన నన్ను కాపలా కాయడానికి జీతం తీసుకుంటోంది" అని మరిది అందరికీ చెప్పేవాడు. అందులో పెద్ద అబద్ధమేమీ లేదు.

అది రసాయనాల గోదాము. పక్కపక్కనే రెండు గదులు. ఒకదాంట్లో ఆసిడ్ పీపాలు, ఇంకోదాంట్లో బ్లీచింగ్ ద్రావణం డబ్బాలు. విడిగా ఉంచినంత కాలం దేని దారి దానిదే. కలిశాయా, వాటికి పుట్టే విషవాయువు మనిషి ఊపిరితిత్తులను లోపలి నుంచి కాలుస్తుంది. అందుకని ప్రతి పీపాకూ ఒక ట్యాగు అంటించి, కప్పుకు రీడర్లు బిగించారు. రీడరు రేడియో తరంగంతో పలకరిస్తే ట్యాగు తన పేరు చెబుతుంది. ఆసిడ్ పీపా పొరపాటున బ్లీచింగ్ గదిలోకి వస్తే గంట మోగాలి.

పేరు చెప్పడం తేలికే, ఎక్కడుందో తేల్చడమే కష్టం. పాడుబడ్డ బావిలోకి అరిస్తే మన గొంతే నాలుగు వైపుల నుంచీ తిరిగొస్తుంది కదా, ఇనుప అరలూ నిండు పీపాలూ ఉన్నచోట తరంగం సంగతీ అంతే. ఇనుము దాన్ని విసిరికొడుతుంది, నీరు మింగేస్తుంది. మొదట్లో గది మూలనున్న పీపా గుమ్మంలో ఉన్నట్టు తెర మీద కనిపించేదట. దానికో ఉపాయం చేశారు. స్తంభాలకు కొన్ని ట్యాగులు అంటించి, వాటి చోటు కంప్యూటరుకు ముందే చెప్పిపెట్టారు. పీపా పలుకు ఏ స్తంభం పలుకును పోలి ఉంటే, పీపా దాని పక్కన ఉన్నట్టు లెక్క. కొత్త ఊళ్ళో మంగలి షాపు గుర్తు పట్టుకుని ఇల్లు వెతుక్కోమూ, అలాగన్నమాట. ఆ స్తంభాల ట్యాగులను సాక్షులు అనేవారు. సాక్షులను అంటించడం, ఊడితే మళ్ళీ అంటించడం పిట్టగుండె పని.

రెండు గదులనూ విడదీసే రేకు గోడ మధ్యలో ఒక లావుపాటి ఇనుప స్తంభం ఉంది. ఆసిడ్ గది వైపు దానికున్న సాక్షి మాటిమాటికీ ఊడిపోయేది. తగిలేది మరిది బండే.

"కళ్ళు నెత్తి మీదున్నాయిట్రా?" అనేది ఆమె.

"స్తంభమే అడ్డొస్తోంది వదినా. దాన్ని కూడా కాస్త కోప్పడు."

విసుగెత్తి ఒకరోజు సాక్షిని స్తంభానికి అవతలి ముఖాన, బ్లీచింగ్ గది వైపు అంటించింది. అక్కడ బండి తగలదు. స్తంభం ఒకటే కదా, జానెడు తేడాకు ఏమవుతుందిలే అనుకుంది. ఎవరికీ చెప్పలేదు, కంప్యూటరు లెక్కలో అది ఆసిడ్ గది వైపే ఉండిపోయింది. కంటికి అది జానెడే. తరంగానికి మాత్రం ఇనుముకు అటువైపు అంటే పరాయి దేశం. నేనొకసారి ఒక రేవులో కొన్నాళ్ళున్నాను. గాలికి ఆరిపోతోందని అక్కడ ఎవరో దారిదీపాన్ని కాస్త పక్కకు జరిపారట. చూసుకునేంతలో పడవ బండ మీద ఉంది. దీపం బాగానే వెలుగుతోంది.

కొన్నాళ్ళకు, మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఆమె ఆసిడ్ గదిలోకి వెళ్ళింది. పొద్దున దింపిన వరసలో స్తంభం పక్కన ఒక పీపా చోటు ఖాళీగా ఉంది. తెర ముందు కూర్చునే ఇంజినీరుకు ఫోన్ చేసింది.

"అన్నీ ఆసిడ్ గదిలోనే ఉన్నాయమ్మా. ఒకటి స్తంభం పక్కనే చూపిస్తోంది."

"స్తంభం పక్కన ఏమీ లేదు బాబూ."

"సరిగ్గా చూడండి, ఉంటుంది."

ఆమెకు తను మార్చిన సాక్షి గుర్తొచ్చింది. పీపా సాక్షి పక్కనే ఉంది. సాక్షే ఇక్కడ లేదు. బ్లీచింగ్ గదిలో భోజనం దగ్గర్నుంచీ మరిది ఒక్కడే డబ్బాలు పేరుస్తున్నాడు.

ఆమె పరుగున వెళ్ళి ఆ గది తలుపు లాగింది. ఘాటు ముక్కుకు కొట్టింది. మరిది బండితో ఆ చివర ఉన్నాడు.

"బయటికి రా!"

"ఏమైంది వదినా, బల్లి పడిందా?"

"వాసన తెలియట్లేదూ?"

"ఈ గదికి వాసన లేకపోతే నాకు జీతమెందుకిస్తారు? ఈ వరస పేర్చేసి వస్తా."

ఇన్నేళ్ళుగా రోజూ ఏదో ఒకదానికి బయటికి రమ్మంటూనే ఉంది. ఇప్పుడు ఎంత అరిచినా అది రోజూ అరిచే అరుపే. ఆమె గొంతు తగ్గించింది.

"సాక్షిని నేను మార్చాను. తప్పు నాది. ఆసిడ్ పీపా స్తంభం దగ్గరుంది చూడు."

బండి ఆగింది. వదిన నోట తప్పు నాది అనే మాట అతను ఎన్నడూ వినలేదు. తెల్ల డబ్బాల మధ్య, పొద్దున లారీ దింపినవాళ్ళు పొరపాటున ఇటు పెట్టిన నీలం పీపా, దాని పక్కన చిట్లిన డబ్బా, కింద రెండూ కలిసిన తడి, ఆ తడి మీద నేలబారున పాకుతున్న ఆకుపచ్చని పొగ అతనికి కనిపించాయి. గుమ్మానికి రావాలంటే దాన్ని దాటాలి.

"ఊపిరి బిగబట్టు. గోడ వెంబడే రా. పరిగెత్తకు, పడతావు."

సగం దాకా బాగానే వచ్చాడు. స్తంభం దాటుతుండగా దగ్గు తెరలు కమ్మి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఆమె లోపలికి వెళ్ళి కాలరు పట్టుకుని ఈడ్చుకొచ్చింది. ఆమె కేకలు విని పరుగెత్తుకొచ్చిన ఇంజినీరు తలుపు మూశాడు. గాలిలో విషవాయువును పసిగట్టే గంట అప్పుడు మోగింది.

ఆస్పత్రిలో డాక్టరు చెప్పిన మాట ఆమెకు అసలు భయం రుచి చూపించింది. "ఇప్పటికి బాగానే ఉన్నాడు. కానీ ఈ గాలి పీల్చినవాళ్ళకు ఊపిరితిత్తుల్లో నీరు ఆలస్యంగా చేరొచ్చు. రేపటిదాకా ఏమీ చెప్పలేను." నేను ఫ్లాస్కులో టీ పట్టుకెళితే, కప్పు చేతిలో పట్టుకుని తాగడం మరిచిపోయింది.

మేనేజరు వచ్చి సాక్షిని ఎవరు మార్చారని అడిగాడు.

"నా బండి తగిలి ఊడింది సార్, నేనే..." అన్నాడు మంచం మీంచి మరిది.

"నోర్మూసుకుని పడుకో" అని, ఆమె ఉన్నదంతా చెప్పింది.

"ఒక్క సాక్షిని నమ్ముకుని నేను కూర్చున్నాను కదా. ప్రతి స్తంభానికీ రెండు ముఖాలా సాక్షులు ఉండాల్సింది" అన్నాడు ఇంజినీరు. ఆమెను పనిలో ఉంచేదీ లేనిదీ తర్వాత చూద్దామన్నాడు మేనేజరు. ఆమె ఆ మాట విన్నట్టు లేదు. మరిది ఛాతీ లేచి పడటాన్నే చూస్తోంది.

మర్నాడు పొద్దున డాక్టరు గొట్టం పెట్టి విని, నీరు చేరలేదు, ఇంటికి తీసుకెళ్ళొచ్చని చెప్పి వెళ్ళిపోయాడు. ఆమె లేవలేదు. మరిదిని అటు తిరగమంది. వీపుకు తన చెవి ఆనించింది.

"డాక్టరు విన్నాడుగా వదినా."

"మాట్లాడకు. ఊపిరి పీల్చు."

అతనికి నవ్వొచ్చింది. దాన్ని ఆపుకోవడానికి ఊపిరి బిగబట్టాడు. లోపల ఊపిరి చప్పుడు ఆగిపోయేసరికి ఆమె అతని చొక్కాను రెండు గుప్పిళ్ళతో పట్టుకుంది.