నాకంటే ముందు వెళ్ళిన కరపత్రం

గూడూరు స్టేషన్లో ఉదయం ఆరుంబావుకు మద్రాసు బండి ఎక్కాను. భుజాన బట్టల సంచి, కూలీ నెత్తిన రెండు అట్టపెట్టెలు. పెట్టెల్లో నేనే రాసి నేనే అచ్చు వేయించుకున్న ‘నలభై నిమిషాలు’ అనే సైన్సు ఫిక్షన్ నవల, అరవై ప్రతులు. పుదుచ్చేరిలో తరతరాలుగా ఉంటున్న తెలుగువాళ్ళకు ఆ పుస్తకాన్ని పరిచయం చేసి అమ్ముకురావాలని ప్రయాణం.

నేను బాలికల హైస్కూల్లో ఫిజిక్సు టీచర్ని. సొంతంగా పుస్తకం వేసుకున్నవాళ్ళ తిప్పలు వేసుకున్నవాళ్ళకే తెలుసు. మోసేదీ మనమే, అమ్మేదీ మనమే, పొగుడుకునేదీ మనమే. పెళ్ళికి వెళ్ళినా నా సంచిలో నాలుగు ప్రతులు ఉండేవి. చివరికి బంధువులు నన్ను చూసి పక్క సందులోకి తిరిగిపోయే స్థితికి వచ్చాను.

నవల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. సముద్రం అడుగున పెట్టిన ఒక యంత్రం, పెద్ద అల రావడానికి నలభై నిమిషాల ముందు తీరంలో గంట కొడుతుంది. ఇది నేను సునామీకి ముందే రాశాను. అచ్చయ్యేసరికి సునామీ వచ్చి వెళ్ళింది. ప్రెస్సాయన వెనక అట్ట చూసి, “నవల అనే మాట ఇక్కడ పెట్టకండి మేడం. నిజమేమో అనిపించాలి. జనం భయపడితేనే చెయ్యి జేబులోకి పోతుంది” అన్నాడు. సరేనన్నాను. ఈ ప్రయాణం నాటికి సునామీ వచ్చి మూడో ఏడు. పుస్తకాలు అమ్ముడుపోక మంచం కింద పడి ఉన్నాయి.

పుదుచ్చేరి బజారులో ఎలక్ట్రికల్ కొట్టు నడిపే ఎం. దామోదరన్ గారు సూళ్ళూరుపేటలో ఒక పెళ్ళికి వచ్చి నా సంగతి విన్నారట. ఫోన్ చేసి, “మన బాషలో సముద్రం గురించి రాసినారంట గదక్కా, మా ఊరికి రాండి, కూటం పెడతాం” అన్నారు. నేను ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. మావారు మాత్రం పేపర్లోంచి తలెత్తకుండా, “పుండు ఉన్నవాళ్ళ దగ్గరికి కారం మూట మోసుకుపోతున్నావు” అన్నారు. భయం అప్పుడు పట్టుకుంది. ఆ తీరంలో మనుషులు పోయిన ఇళ్ళున్నాయి. వాళ్ళ ముందు నిలబడి అల వచ్చే అధ్యాయం ఎలా చదవను?

తొమ్మిదిన్నరకు మద్రాసు సెంట్రల్. సిటీ బస్సులో కోయంబేడు. అక్కడ రెండు ఇడ్లీ, కాఫీ. పదీ ముప్పావుకు సముద్రం పక్క రోడ్డులో వెళ్ళే పుదుచ్చేరి బస్సు దొరికింది, టికెట్టు అరవై చిల్లర. ఈ దారిన వెళ్ళేవాళ్ళు ఎడమవైపు కిటికీ పట్టుకోవాలని అందరూ చెబుతారు. నేనూ పట్టుకున్నాను. మహాబలిపురం దాటాక సముద్రం మాటిమాటికీ కనబడసాగింది. ఎండలో మెరుస్తూ ఏమీ ఎరగనట్టు ఉంది. ఉండబట్టలేక పక్కన కూర్చున్న పెద్దాయనతో సీటు మార్చుకున్నాను. ఆయన గుంతకల్లులో రైల్వే పని చేసి రిటైరైన పుదుచ్చేరి మనిషి.

“సముద్రం అంటే బయమామ్మా?” అని అడిగాడు.

“కొత్త కదండీ” అన్నాను.

“మాకు పాతదే. మాకూ బయమే” అని కిటికీ వైపు తిరిగాడు.

రెండున్నరకు బస్సు దిగాను. దామోదరన్ గారు ఆటోతో వచ్చి ఉన్నారు. నలభై అయిదేళ్ళుంటాయి. నవ్వుమొహం. దారిలో గోడల మీద పచ్చ కాగితాలు చూపించి, “అంతా మనదే అక్కా. రెండు వేలు కొట్టించినా. చేపల మార్కెట్లో, సోలై నగర్లో, పిళ్ళైచావడిలో, యాడ జూసినా మీ పేరే” అన్నారు. అరవంలో ఉన్న ఆ కరపత్రంలో నాకు అర్థమైంది 40 అనే అంకె ఒక్కటే. రెండు వేల గోడల మీద నా పేరు ఉందంటే గర్వపడవలసింది. నాకు మావారి కారం మూట గుర్తొచ్చింది.

బస వాళ్ళింట్లోనే, మురుంగపాక్కంలో. వాళ్ళమ్మ మంగమ్మ గారు వంకాయ పులుసు, అప్పడం వడ్డించి ఎదురుగా కూర్చున్నారు. భోజనం అయ్యాక ఒక ప్రతి ఆమె చేతిలో పెట్టాను. ఆమె అట్ట తడిమి, తెరిచి, మూసేశారు.

“అందంగా ఉండాది అమ్మణ్ణీ. మాకు తెలుగు మాట్లాడను వస్తాది గానీ చదవను రాదే. మా ఇంట్లో ఎవురికీ రాదు.”

దామోదరన్ గారి వైపు చూశాను. ఆయన చెయ్యి తిప్పేసి, “మేమంతా అరవం బడిలో చదివినోళ్ళం గదా. మీరు చదివి చెప్తే వింటాం” అన్నారు. ఎవరూ చదవలేని భాషలో అరవై పుస్తకాలు మోసుకొచ్చానన్నమాట. బోడిగుండ్ల ఊరికి దువ్వెనలు తెచ్చిన వ్యాపారం నాది. మామూలప్పుడైతే నవ్వుకునేదాన్ని.

అయిదు గంటలకు కొట్టు పైన హాల్లో కూటం. ముందు వరసల్లో బజారు తెలుగు కుటుంబాలు, ముప్పైమంది దాకా. వెనక గోడకు ఆనుకుని ఇరవైమంది నిలబడి ఉన్నారు. కుర్చీలున్నా కూర్చోలేదు. ఆడవాళ్ళు ఎక్కువ. వాళ్ళు ఎవరని అడిగితే, సోలై నగర్ చేపలవాళ్ళని, తెలుగు రాకపోయినా వచ్చారని దామోదరన్ గారు మురిసిపోతూ చెప్పారు.

అల వచ్చే అధ్యాయం వదిలేసి, యంత్రాన్ని సముద్రంలోకి దించే అధ్యాయం చదివాను. దామోదరన్ గారు పేరా పేరాకీ అరవంలో చెప్పారు. ముందువాళ్ళు మర్యాదగా విన్నారు. ఒకాయన, “మీ తెలుగు సినిమాలో మాదిరి ఉండాది” అన్నాడు. వెనకవాళ్ళు మాత్రం కళ్ళార్పకుండా విన్నారు. ఏ రచయితకైనా అలాంటి శ్రోతలు దొరకాలని ఉంటుంది. వాళ్ళు అంత శ్రద్ధగా ఎందుకు వింటున్నారో నాకు అంతుబట్టలేదు.

చదవడం అయ్యాక వెనకనుంచి ఒకామె చెయ్యెత్తింది. పేరు సెల్వి, చేపలమ్ముతుంది. ఆమె అడిగింది విని దామోదరన్ గారి నవ్వు ఆగిపోయింది.

“ఆ మిషన్ను యాడ పెట్టినారు, మా పక్క సముద్రంలోనా, కడలూరు పక్కనా అని అడగతా ఉంది. గంట మా వీదికి ఇనపడతాదా అంట.”

“ఇది కథ కదండీ” అన్నాను. “కరపత్రంలో ఏం రాశారు మీరు?”

ఆయన జేబులోంచి పచ్చ కాగితం తీసి తెలుగు చేసి చదివారు. సముద్రం లేచే నలభై నిమిషాల ముందే చెప్పే యంత్రం, దాని గురించి సైన్సు టీచరమ్మ స్వయంగా వచ్చి చెబుతారు, తీరం వాళ్ళు తప్పక రావాలి. కింద నా పేరు. అంతే. నవల అనే మాట ఎక్కడా లేదు. “మీరు పోన్లో చదివిందే గదక్కా రాసినా” అన్నారు. నిజమే. వెనక అట్ట మీది మాటలు నేనే మురిపెంగా చదివి వినిపించాను. ఆయనకు తెలుగు చదవడం రాదు, నేను నవల అని చెప్పనేలేదు. అందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందట.

సెల్వి ఇంకా మాట్లాడుతోంది. దామోదరన్ గారు గొంతు తగ్గించి చెప్పారు. అల వచ్చిన నాటినుంచి వాళ్ళ వీధికి ఒక కట్టుబాటు ఉంది. రాత్రింబగళ్ళు ఇంటికొకరు వంతున సముద్రానికి ఎదురుగా కూర్చోవాలి. పెద్ద అలకు ముందులా నీళ్ళు వెనక్కి పోతే కంచం కొట్టి ఊరిని లేపాలి. రెండేళ్ళుగా ఒక్క పూట తప్పలేదు.

“ఈ నోటీసు జూసినంక నాలుగు దినాలుగా ఎవురూ కూసోలేదంట. మిషన్ వచ్చిందని నిలిపేసినారంట.”

ఆ నాలుగు రాత్రులూ నేను గూడూరులో పుస్తకాల అట్టలు తుడుచుకుంటూ ఉన్నాను.

“లేదని చెప్పండి” అన్నాను.

ఆయన నా వైపు వంగారు. “ఇప్పుడొద్దక్కా, అందరి ముందర మానం పోతాది. కూటం అయినంక నిదానంగా చెప్తాం.”

ప్రభుత్వం అలాంటిదేదో పెట్టబోతోందని పేపర్లో చదివాను గానీ, ఆ రోజుకి ఆ వీధిలో గంట కొట్టేది ఏదీ లేదు. నాకు వచ్చిన అరవం నాలుగు మాటలు. లేదనడానికి అందులో ఒకటి చాలు. లేచి నిలబడి, వెనక గోడ వైపు చూస్తూ, “మిషన్ ఇల్లై” అన్నాను. మళ్ళీ అన్నాను. సెల్వి నన్ను తిట్టలేదు. చీర కొంగు బిగించుకుని, పక్కవాళ్ళతో ఏదో చెప్పి, గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఒక్క పుస్తకం అమ్ముడుపోలేదు. అడగడానికి నాకు మొహమూ లేదు.

మర్నాడు ఆరింటికల్లా దామోదరన్ గారిని లేపి ఆటో పిలిపించాను. కూటానికి రానివాళ్ళకు ఎవరు చెబుతారు? సోలై నగర్ చేరేసరికి ఎండ వచ్చేసింది. ఇసుకలో పడవలు, వలలు, గోడల మీద నా కరపత్రాలు. దామోదరన్ గారు ఒక్కొక్కటీ చింపుతూ నడిచారు. సెల్వి ఎదురొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రి కాపలా తానే కూర్చున్నానని, పొద్దుటి వంతు వీరాసామిదని, ఆయన మాత్రం రానంటున్నాడని చెప్పింది.

వీరాసామి పడవ నీడలో చాప మీద పడుకుని ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. ఆ అలలో మనవరాలిని పోగొట్టుకున్నాడట. నేను పక్కనే ఇసుకలో కూర్చుని, యంత్రం లేదని, నేను ఊహించి రాశానని, తప్పు నాదని చెప్పాను. దామోదరన్ గారు ఒక్క మాట వదలకుండా అరవంలో చెప్పారు. ముసలాయన చివరిదాకా విని, తలగడ కింది నుంచి మడిచిన పచ్చ కాగితం తీసి చూపించాడు.

“అచ్చులో ఉండాది గదా అంటాడు” దామోదరన్ గారు తెలుగు చేశారు. “లేందాన్ని అచ్చు ఎందుకేస్తారు, చెప్పద్దని మీకెవురో చెప్పినారు అంటాడు. రెండేండ్లుగా కన్ను మూయలేదంట. ఈ నాలుగు దినాలే నిద్ర పట్టిందంట.”

నేను మళ్ళీ చెప్పాను. ఇల్లై, ఇల్లై అన్నాను. చెయ్యి పట్టుకున్నాను. ఆయన నా చెయ్యి నెమ్మదిగా విడిపించుకుని, భద్రంగా కాగితం మడిచి, అటు తిరిగి పడుకున్నాడు. సెల్వి నిట్టూర్చి కంచం తీసుకుని నీళ్ళకు ఎదురుగా వెళ్ళి కూర్చుంది. ఆయన వంతు కూడా తానే చూస్తానంది. ఎన్నాళ్ళు చూస్తుందో నేను అడగలేకపోయాను.

తొమ్మిదిన్నరకు మద్రాసు బస్సు ఎక్కాను. పెట్టెలు ఎలా వెళ్ళాయో అలాగే డిక్కీలో ఎక్కాయి. పుదుచ్చేరి చక్కని ఊరు. వెళ్ళేవాళ్ళు వెళ్ళండి. భోజనం బాగుంటుంది, మనుషులు మంచివాళ్ళు, తెలుగు మాట వినబడుతుంది. ఇంతకంటే నేను ఆ ఊరి గురించి చెప్పలేను, ఎందుకంటే ఏమీ చూడలేదు. తిరుగుదారిలో సముద్రం కుడివైపు వస్తుంది. ఈసారి కిటికీ సీటు వదల్లేదు. మద్రాసు పొలిమేరల్లో అది కనుమరుగయ్యేదాకా, నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో చూస్తూనే ఉన్నాను.

ఇన్నేళ్ళలో నా రాతలో ప్రతి అక్షరాన్నీ నమ్మిన పాఠకుడు నాకు ఒక్కడే దొరికాడు. ఈ పూట కూడా ఆయన సముద్రానికి వీపు పెట్టి హాయిగా నిద్రపోతూ ఉంటాడు.