ఇరవయ్యో కార్డులో భర్త పేరు

గ్రామసేవిక సర్టిఫికెట్టుకి నాకు మిగిలింది ఒక్కటే పని: ఒక పల్లెలో ఇరవై ఇళ్ళు తిరిగి, ఇంటికో కుటుంబ వివరాల కార్డు పూర్తిచేసి, ఆ రాత్రికల్లా మా ట్రైనింగు హాస్టలు వార్డెన్ గారి చేతిలో పెట్టడం. ఒక్క గడి ఖాళీగా ఉన్నా మళ్ళీ ఆర్నెల్లు ఆగాలి. ఆ ఆర్నెల్లూ అన్నయ్య ఇంట్లో వదినె మొహం చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు. మా ఆయన పోయాక రెండేళ్ళు చేసింది అదే.

గుంటూరులో ఆరింటి పాసింజరు ఎక్కితే సత్తెనపల్లిలో దిగేసరికి ఎనిమిదైంది. స్టేషను బయట ఇడ్లీ, టీ కానిచ్చి బస్సెక్కాను. టాపు మీద మిరప బస్తాలు, లోపల అందరికీ తుమ్ములు.

"కొత్త కదమ్మా, రెండ్రోజులుంటే అలవాటైపోద్ది" అన్నాడు కండక్టరు, తనూ తుమ్ముతూనే.

పదింటికి ఊళ్ళో దిగాను. మగవాళ్ళంతా కళ్ళాల్లో మిరపకాయలు ఎండబోస్తున్నారు. ఇళ్ళల్లో ఆడవాళ్ళే ఉన్నారు. మొదటి ఇంట్లోనే పని ఆగిపోయింది.

"మీ ఆయన పేరేంటమ్మా?"

"అయ్యో రాత! నేనెట్టా చెప్తానండీ?" అంటూ ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

మొగుడి పేరు పెళ్ళాం నోట రాకూడదాయె! మాకు పొగలేని పొయ్యి కట్టడం నేర్పారు, పసిపిల్లల విరేచనాలకి మందు నేర్పారు గాని, దీనికేం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. చివరికి గోడ మీంచి పక్కింటావిడ అరిచింది.

"వీరయ్య! రాసుకోండి. మా ఆయన పేరు అది చెప్పుద్ది."

హమ్మయ్య! అలా ఒకళ్ళ మొగుడి పేరు ఇంకొకళ్ళ చేత చెప్పించుకుంటూ, మధ్యలో ఒకరింట్లో జొన్నన్నం, గోంగూర పచ్చడి తిని, మూడున్నరకి పంతొమ్మిది ఇళ్ళు ముగించాను.

ఇరవయ్యోది ఊరి చివర, మస్తానమ్మ ఇల్లు. దూదేకుల ముసలావిడ. ఒంటరిగా కూర్చుని బొంత కుడుతోంది. ఇరుగూ పొరుగూ తాళాలు. నాలుగింటికి నా బస్సు.

"మీ ఆయన పేరు, అవ్వా?"

"ఆయన పోయి ఇరవయ్యేళ్ళు. ఉన్నప్పుడే చెప్పలా, ఇప్పుడు చెప్తానా?"

"చెప్పకపోతే నా సర్టిఫికెట్టు పోతుంది అవ్వా."

సూది ఆపి, బొట్టులేని నా నుదురు చూసింది. "నీకూ లేడా తల్లీ? అయితే ముందు నీ ఆయన పేరు నువ్వు చెప్పు. తర్వాత నేను చెప్తా."

కార్డు సంచిలో పెట్టేయబోయాను. పొద్దుట్నించీ ఊరందరినీ చూసి నవ్వుకున్నదాన్ని! ఇంతలో దూరంగా బస్సు హారను వినబడింది.

"వెంకటరత్నం" అన్నాను. పెళ్ళయ్యాక ఆ పేరు నా నోట రావడం అదే మొదలు.

"మా ఆయన సైదులు" అంది మస్తానమ్మ. కొంగుతో నా కళ్ళు తుడిచి, "పరిగెత్తమ్మాయ్, బస్సెళ్ళిపోద్ది!" అని తరిమింది.

ఆ పల్లెలకి కార్డులు పట్టుకెళ్ళేవాళ్ళు రెండు చేతిరుమాళ్ళు తీసుకెళ్ళండి. పక్కింటావిణ్ణి ముందే పిలుచుకోండి. ఆ ఊళ్ళవాళ్ళంత మంచివాళ్ళు దొరకరు.

తిరుగు రైల్లో గుడ్డి దీపం కింద ఇరవై కార్డులూ సర్దుకుంటుంటే ఎదురు సీటావిడ పలకరించింది. "ఒక్కదానివేనా అమ్మాయ్? మీ ఆయనేం చేస్తారు?"

ఎప్పుడూ ఆ ప్రశ్నకి తల దించుకునేదాన్ని. "లేరండీ. వెంకటరత్నం గారని, పత్తి మిల్లులో గుమాస్తా. భలే నవ్వించేవారు" అన్నాను.

గుంటూరు వచ్చేదాకా ఆయన సంగతులే చెబుతూ కూర్చున్నాను.