బీరప్ప మామ డైనోసార్ల మంద

మా బీరప్ప మామ ఏ పనిలోనూ చివరిదాకా కూర్చోడు. మధ్యలో లేస్తాడు. పెళ్లిలో లేస్తాడు, పంచాయితీలో లేస్తాడు, కంచంలో అన్నం కలిపాక లేస్తాడు. లేచి, ఫోను చేతబట్టుకుని, మైసమ్మ అత్తను పిలుచుకుని, ఊరి బయటి గుట్ట దారి పడతాడు. ఎక్కడికని అడిగితే ఒకటే జవాబు.

"నా మంద ఆకలి మీదున్నది."

ఆ మందలో గొర్రె ఒక్కటి కూడా లేదు. అన్నీ డైనోసార్లే. ఫోనులో ఉంటాయి.

ఆయన నాకు మేనమామ. ఊరు పెద్దేముల్. నడక నేర్చిన నాటి నుంచి గొర్రెల వెనకే నడిచిన మనిషి. నిద్ర కూడా కర్ర మీద గడ్డం ఆనించి నిలబడే పోయేవాడు. పోయిన ఎండాకాలం మైసమ్మ అత్త వాకిట్లో జారిపడింది, తుంటి విరిగింది. వికారాబాద్‌లో ఆపరేషన్ అయింది. ఆమెను చూసుకోవాలి గనక మామ మందను దౌల్తాబాద్‌లో ఉండే బావమరిదికి అప్పగించి ఇంటిపట్టున ఉండిపోయాడు.

ఇంటిపట్టున అన్నది మాటవరసకే. తాండూరులో నాది ఫోన్ల రిపేరు దుకాణం. అత్త మందులకని షేర్ ఆటో ఎక్కి వచ్చి నా దగ్గర తేలేవాడు. స్టూలు వేస్తే కూర్చునేవాడు. నేను తల తిప్పి చూసేలోగా స్టూలు ఖాళీ. నడిరోడ్డు మీద నిలబడి, నాపరాళ్ల లారీలను "హ్రేయ్, హ్రేయ్" అంటూ పక్కకు తోలుతుండేవాడు. విచిత్రమేమిటంటే లారీలు కూడా పక్కకు పోయేవి.

ఈయన్ను ఒక్క పూటైనా ఒకచోట కూర్చోబెడదామని సినిమాకు తీసుకెళ్లాను. డైనోసార్ల సినిమా. లోకమంతా ఆడే వరస సినిమాల్లో ఒకటి. జనానికి చూపించడానికి ఒక దీవిలో డైనోసార్లను పెంచుతారు. చుట్టూ కంచె వేస్తారు. ప్రతి సినిమాలోనూ ఆ కంచె తెగుతుంది. అయినా తర్వాతి సినిమాలో మళ్లీ కంచే వేస్తారు.

"గంత పెద్ద జీవాలకు గా సన్న తీగెలా?" అన్నాడు మామ మొదటి పది నిమిషాల్లోనే. "ముండ్లకంప ఎయ్యాలె. వీళ్లు ఎన్నడు మంద కాసినోళ్లు కాదు."

ఇంతలో తెర మీద మాంసం తినే పెద్ద జంతువు ముందు ఒక మేకను కట్టేశారు. మామ లేచి నిలబడ్డాడు.

"మేక ఎవలది?"

"కూసో మామా. సినిమా అది."

"సినిమా అయితేంది? మేక ఎవలిదంటున్న. ఎవలిని అడిగి కట్టిండ్రు?"

వెనక వరుసలోంచి ఒకాయన, "పెద్దమనిషీ, జర కూసో, కనిపిస్తలేదు" అన్నాడు.

మామ వెనక్కి తిరిగాడు. "నీ మేకనైతే గట్లనే చూసుకుంట కూసుంటవా?"

ఆయన కూడా ఆలోచనలో పడ్డాడు. మేక సంగతి తేలకముందే మేం బయటికి వచ్చేశాం. దారిలో మామ ఒక మాటన్నాడు. "గడ్డి తినేటివి మాత్రం మంచిగున్నయి రా అల్లుడా. పాపం వాటిని మేపెటోడే లేడు. అందరు ఉరుకుడే."

అప్పుడు నాకు ఉపాయం తట్టింది. ఆ సినిమాల మీద ఫోనులో ఆట కూడా ఉంది. గుడ్లు పొదిగించాలి, పిల్లల్ని పెంచాలి, వేళకు మేత వేయాలి, నీళ్లు పెట్టాలి. జనం వచ్చి చూసిపోతారు. మామ ఫోనులో అది వేసిచ్చాను. లారీల డ్రైవర్లు ఊపిరి పీల్చుకున్నారు.

కొద్దిరోజుల్లోనే మంద తయారైంది. అసలు పేర్లన్నీ మామకు నోటికి వచ్చు, కానీ పిలవడానికి ఇంటి పేర్లు పెట్టుకున్నాడు. మూడు కొమ్ముల ట్రైసెరాటాప్స్ ఆయనకు పొట్టేలు. వీపు మీద పలకలుండే స్టెగోసారస్‌ను చూసి, "గిది మన తాండూరు బండలు మోస్తున్నది" అని దానికి బండలది అని పేరు పెట్టాడు. తల మీద బూరలాంటి కొమ్ము ఉన్న పారాసారోలోఫస్ బూరది. బ్రాకియోసారస్ పొడుగు మెడది. అది మైసమ్మ అత్త వాటా.

మాంసం తినే రకాలను మాత్రం రానివ్వలేదు. ఆటలో ఒక టి-రెక్స్ ఊరికే దొరికింది. దానికి మేకను వేయాలట. మామ మేకను వేయలేదు, జొన్నచొప్ప వేయడానికి చూశాడు.

"ఆకలైతే అదే తింటది."

"తినదు మామా. దాని జాతి గట్లాంటిది."

మామ దాన్ని కిందికీ పైకీ చూశాడు. "గంత పెయ్యికి గా చేతులా? పని చేసెటోని చేతులేనా గవి?" అని దాన్ని వెళ్లగొట్టాడు. మాంసం తినేవి లేకపోతే ఆటలో చూసేవాళ్లు రారు. ఆ ఫికర్ ఆయనకు లేదు. "జనమొస్తె గడ్డి తొక్కుతరు" అన్నాడు.

ఒకరోజు పశువుల డాక్టరు చంద్రశేఖర్ గారు గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాపించడానికి ఊరికి వచ్చారు. అలవాటు కొద్దీ మామ కూడా వరుసలో నిలబడ్డాడు.

"సార్, మూడు కొమ్ముల దానికి ఎంత తాపాలె?"

"మూడు కొమ్ములా? ఏం జాతి?"

"ట్రైసెరాటాప్స్."

ఏదో కొత్త రకం వచ్చిందనుకుని డాక్టరు సీసా అందుకున్నారు. "బరువెంత ఉంటది?"

"ఎనిమిది టన్నులు సార్."

డాక్టరు సీసాకు మూత పెట్టారు. "ఎక్కడున్నది అది?"

మామ జేబులోంచి ఫోను తీసి చూపించాడు. డాక్టరు చాలా సేపు చూసి, మొహంలో ఏ మార్పూ లేకుండా, "దీనికి మందు మీ అల్లుడి దుకాణంల దొరుకుతది" అన్నారు.

ఇదంతా ఊరు భరించింది. కష్టమల్లా మామ మధ్యలో లేవడంతోనే. ఇంట్లో సిగ్నల్ ఉండదని, గుట్ట మీదే దొరుకుతుందని ఆయన మాట. పోనీ ఒక్కడే పోతాడా అంటే పోడు. "నా ఏలు మొద్దువారింది. ఒత్తితే పడదు. మైసమ్మది పడ్తది" అని అత్తను వెంట తీసుకుపోతాడు. ఆమె కర్ర పట్టుకుని, తిట్టుకుంటూ వెనక నడుస్తుంది.

మర్పల్లిలో మా చుట్టం వెంకటేశం కూతురి పెళ్లి. పెళ్లికూతురికీ పెళ్లికొడుక్కీ మధ్య అడ్డుతెర పట్టుకునే పని మామకు అప్పగించారు. ముహూర్తం ఇంకా కాలేదు. మామ చూపు ఆడవాళ్ల వైపు పోయింది. ఆ వెంటనే తెర కొస వదిలేశాడు.

"జర పట్టుండ్రి. నా మంద ఆకలి మీదున్నది. మైసమ్మా, లెవ్వు."

తెర జారిపోయింది. పిల్లా పిల్లవాడూ ముహూర్తానికి ముందే ఒకరినొకరు చూసుకుని నవ్వేశారు. పందిరంతా నవ్వింది. నవ్వనిది పంతులు ఒక్కరే. ఆ నవ్వుల మధ్య మామా అత్తా మెల్లగా బయటికి నడిచారు.

ఇంకోసారి మంగలి కుర్చీలోంచి లేచాడు. ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో పెద్దేముల్ బస్టాండు దాటి ఇంటికి పోయి, అత్తను లేపి, గుట్ట ఎక్కి దిగి వచ్చి, రెండో చెంప గీయించుకున్నాడు. అప్పటికి నురగ ఎండిపోయి సున్నం కొట్టినట్టుందట.

చివరికి ఒకరోజు గుట్ట మీది నుంచి అత్తే నాకు ఫోన్ చేసింది.

"పరమేశా, నీ మామ ఫోన్ల సిగ్నల్ నిలువదాయె. దినాం గుట్ట ఎక్కి దిగి నా కాళ్లు గుంజుతున్నయి. అందరి ఫోన్లు బాగు చేస్తవు, మా ఇంట్ల ఇంత సిగ్నల్ పెట్టరాదు కొడుకా?"

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. మామ తాండూరు వచ్చినప్పుడు ఫోను ఇమ్మన్నాను. ఇవ్వలేదు.

"ఇది తాండూర్ల మంచిగనే ఉంటది. పెద్దేముల్ల చెడిపోతది."

"అయితే నేనే పెద్దేముల్ వస్త."

"నీకెందుకు పరేషాన్?" అంటూ కదులుతున్న ఆటో ఎక్కేశాడు. అది ఏ ఊరు పోతుందో కూడా అడగలేదు.

ఆదివారం కొత్త సిమ్ము జేబులో వేసుకుని బండి మీద పెద్దేముల్ పోయాను. అత్త లోపల చాయ్ పెడుతోంది. మామ వాకిట్లో ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతున్నాడు. నా ఫోను తీసి చూసుకున్నాను. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి. పాట పెట్టాను, ఆగకుండా మోగింది. అరుగు మీద చూశాను, వంటింటి గడప దగ్గర చూశాను. ఎక్కడ చూసినా తాండూరులో కంటే మెరుగ్గా ఉంది.

"నీ ఫోన్ ఇయ్యి మామా."

"వద్దు రా. మంద పండుకున్నది. లేపకు."

ఆయన జేబులోంచి నేనే లాక్కున్నాను. తెర పైభాగాన చిన్న విమానం బొమ్మ వెలుగుతోంది. అది ఒత్తితే ఎంత మంచి ఫోనుకైనా సిగ్నల్ పోతుంది. మా దుకాణంలో సగం మంది ఈ జబ్బుతోనే వస్తారు.

"మామా, ఈ ఇమానం ఎవలు ఒత్తిండ్రు?"

మామ ఒక్క అంగలో వచ్చి నా నోరు మూశాడు. అలాగే ఇంటి వెనకనున్న ఖాళీ గొర్రెల దొడ్డిలోకి లాక్కుపోయాడు.

"మెల్లగ మాట్లాడు. మీ అత్తకు ఇనబడ్తది."

"ఇంట్ల సిగ్నల్ మస్తుగున్నది గద."

"ఉంటది. నేనే బంద్ జేస్తున్న."

మామ నీళ్ల తొట్టి అంచు మీద కూర్చున్నాడు.

"ఆపరేషన్ జేసిన డాక్టర్ ఏమన్నడు? దినాం నడిపియ్యి, లేకుంటె కాలు గట్లనే బిగుసుకపోతది అన్నడు. నేను బతిమాలిన. మీ అమ్మ వచ్చి బతిమాలింది. మీ అత్త లేసిందా? గోడ దిక్కు తిరిగి పండుకునె. గొర్రెలె పాయె, ఇగ నేనేడికి నడవాలె అనె." మామ తలపాగా తీసి మళ్లీ చుట్టుకున్నాడు. "ఒకనాడు నిజంగనె సిగ్నల్ పోయింది. పొడుగు మెడది ఆకలికి సచ్చెటట్టున్నది అన్న, ఊకెనె. మంచం మీద లేసి కూసున్నది. 'నోరులేని జీవాన్ని గట్ల ఎండవెడ్తవా? పా, ఎత్తు మీదికి పోదాం' అన్నది. ఆ దినం ఊరి నడుమ బొడ్రాయి దాకనె పోయినం. గని వాకిలి దాటింది. ఇగ ఆనాటి సంది ఇమానం ఎగురుతనె ఉన్నది."

"మరి మొద్దువారిన ఏలుతోని ఇమానం ఎట్ల ఒత్తినవ్?"

మామ తన వేలు తిప్పి చూసుకున్నాడు. "అవుసరముంటె పడ్తది."

"పెళ్లిల అడ్డుతెర ఎందుకు ఇడిసిపెట్టినవ్ మరి? ఆడ నడిపిచ్చే పని లేదు గద."

మామ వాకిలి వైపు ఒకసారి చూశాడు. "శానసేపు కూసుంటె దాని కాలు పట్టేస్తది. మొఖంల తెలుస్తది నాకు. నలుగుట్ల లేసి కుంటుకుంట నడవాలంటె దానికి సిగ్గు. నేను మంద అని లేస్తె అందరు నన్ను జూసి నవ్వుతరు. దాని కాలు ఎవలు జూడరు."

ఏదో ఒకటి అనాలని, "మంగలి కాడ సగం గడ్డంతోని లేసింది గూడ గందుకేనా?" అన్నాను.

"లేదు. ఆనాడు పొట్టేలుకు నిజంగనె ఆకలైంది."

ఇంతలో అత్త చాయ్ గ్లాసులతో వచ్చింది. "ఏమైంది కొడుకా? బాగైందా?"

మామ నా మొహం వైపు చూడలేదు. తొట్టిలో లేని నీళ్లను చూస్తున్నాడు. రిపేరు దుకాణం వాడు తన నోటితో తన చేతగాదని చెప్పడం ఎంత కష్టమో మీకు తెలియదు. అయినా చెప్పాను.

"లేదత్తా. మీ ఇల్లు పల్లంల ఉన్నది. నాతోని కాదు."

"నిన్ను నమ్ముకున్న సూడు" అంది అత్త. చాయ్ నా చేతిలో పెట్టి, చెప్పులు తొడుక్కుంది. "లెవ్వుండ్రి మరి. పొద్దుపోకముందె పోయొద్దాం."

ముగ్గురం గుట్టకు నడిచాం. అత్త ముందు నడిచింది. అప్పుడు గమనించాను, ఆమె కర్ర నేలకు ఆనడం లేదు. మందను తోలేటప్పటిలా భుజాల మీద అడ్డంగా పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసుకుని పోతోంది. కుంటు ఉంది, కానీ ఆ కుంటులో జోరుంది. వెనక మామ మోకాళ్లు పట్టుకుని రొప్పుతున్నాడు.

పైకి చేరాక మామ అటు తిరిగి, విమానాన్ని దింపి, ఫోను అత్తకు ఇచ్చాడు. అత్త బండ మీద కూర్చుని పొడుగు మెడదానికి మేత వేసింది, పొట్టేలుకు నీళ్లు పెట్టింది, బూరదాన్ని దేనికో మందలించింది. తర్వాత తలెత్తి చూసింది. పొలాల అవతల ఇంకో గుట్ట ఉంది. దీనికి రెండింతలు ఎత్తు.

"ఈడ గూడ సక్కగ వస్తలేదు" అంది. "గా అవుతలి గుట్ట మీద మంచిగుంటదేమో. రేపటి సంది ఆడికి పోదాం."

మామ అత్త వెనక నుంచి నాకు సైగలు మొదలుపెట్టాడు. వద్దని చెప్పమని చెయ్యి ఊపాడు. తన మోకాళ్లు చూపించాడు. రెండు చేతులూ జోడించాడు.

నేను ఫోను అందుకుని, అటూ ఇటూ తిప్పి, సిగ్నల్ గీతల్ని శ్రద్ధగా చూశాను.

"అవునత్తా. ఆడ టవర్ దగ్గర. సిగ్నల్ మస్తుంటది."

"రేపటిదాక ఎందుకు మరి? ఇంక పొద్దున్నది గద" అని అత్త లేచింది. అవతలి వైపు దిగడం కూడా మొదలుపెట్టింది.

మామ ఆమెను చూశాడు, నన్ను చూశాడు. ఆయన మీసాల కింద నవ్వు దాగడం లేదు.

"అల్లుడా," అన్నాడు, "నువ్వు ఇగ మా ఊరికి రాకు." ఒక చేత్తో మోకాలు పట్టుకుని, అత్త వెనకాలే దిగిపోయాడు.