అరమనె

మైసూరు ప్యాలెస్‌ను కన్నడనాట ఉండే మా వైపు తెలుగువాళ్లం కూడా కన్నడంలోలాగే అరమనె అంటాం. ఆ మాటకు రాజుగారి ఇల్లని అర్థమని నాకు తెలుసు. అయినా ఎనభైల మొదట్లో అక్కడికి వెళ్లినప్పుడు మాత్రం నా చెవికి సగం ఇల్లు అనే వినబడింది. మనె అంటే కన్నడంలో ఇల్లు, అర అంటే మనకు సగం. మా ఇంట్లో అప్పుడే పంపకాలు అయ్యాయి మరి.

చింతామణిలో మా అత్తగారిది పొడుగాటి పెంకుటిల్లు. ముందర కిరాణా అంగడి. మా ఆయనా, మా బావగారూ పంచుకుని హాలు నడుమ ఇటుక గోడ లేపారు. ఇక తేలాల్సింది అత్త ఎవరి వైపు ఉంటుందన్నదే. మైసూరు చూసొచ్చాక చెప్తానంది. పసితనంలోనే తల్లిని పోగొట్టుకుని బాగేపల్లి నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని. ఆమె నా వైపు ఉండాలని నా ప్రాణం కొట్టుకుంటూ ఉండేది.

టూరిస్టు బస్సులో అత్త పోయి మా పెద్ద తోడికోడలు, అక్క పక్కన కూర్చుంది. అక్క కమలాపండు ఒలిచి తొనలు అందిస్తుంటే హాయిగా తిన్నది. నేను బియ్యప్పిండితో చేసిన నిప్పట్లు కొరికి, "రాళ్ల మాదిరి ఉండాయి కదమ్మీ" అని పక్కన పెట్టింది. అక్కడి నుంచే నా కడుపుమంట మొదలైంది.

ప్యాలెస్‌లో చెప్పులు విడిచి నున్నటి నేల మీద నడుస్తున్నాం. జారతానేమోనని అత్త అక్క చెయ్యి పట్టుకుంది. అవతలి చెయ్యి ఖాళీగానే ఉంది, అయినా నా వైపు చాచలేదు. పెళ్లి మంటపంలో అందరూ తలలెత్తి కప్పులోని రంగద్దాల నెమళ్లను చూస్తున్నారు. నేను వాళ్ల చేతుల వైపే చూస్తూ కళ్లలో నిప్పులు పోసుకున్నాను.

ఇనుప స్తంభాలు ఇంగ్లీషు దొరల సీమ నుంచి తెచ్చినవనీ, చెక్కడాలు మనవాళ్లవనీ గైడు కన్నడంలో చెప్పాడు. అత్త చుట్టూ చూసి, "దొరలదీ మనదీ ఒకే కప్పు కింద పెట్టినారు. నడుమ గోడ యాడా లేదు సూడండి" అంది.

నేనిక ఆగలేకపోయాను. "అత్తా, ఇంగా యాల నానుస్తావు? ఎవరి తావ ఉంటావో ఇప్పుడే చెప్పు" అన్నాను.

"నీ తావే ఉంటాన్లేమ్మీ."

గెలిచినట్టు అక్క వైపు చూశాను. అత్త మాట ఇంకా పూర్తి కాలేదు.

"పెద్దది నేను లేకున్నా నెట్టుకొస్తాది. నీకు పాలు పొంగకుండా కాంచేది గూడా రాదు."

అక్క నవ్వింది. ఆ నవ్వులో నామీద కోపం ఏమాత్రం లేదు. నాకు అదే మరీ మండింది.

ఊరికి రాగానే అత్త తన ట్రంకుపెట్టెతో నా వైపుకు వచ్చేసింది. అంత చోటుండగా కొత్త గోడ పక్కనే చాప పరుచుకుంది. రోజూ అన్నాల వేళ అవతల గిన్నెల చప్పుడు వినగానే, "పెద్దదీ, తిన్నావా?" అని కేకేసేది.

"తింటాండానత్తా" అని గోడ అవతలి నుంచి జవాబు వచ్చేది.

కంచం ముందు పెట్టుకుని నేను ఆమెకు ఎదురుగానే కూర్చుని ఉండేదాన్ని. నన్ను ఒక్కనాడూ అడగలేదు.