రేకు చుట్టిన పళ్ళెం

చేపలక్క ఇరవై రెండేళ్ళుగా చేసింది ఒకటే పని. ప్రయోగశాలలో చారల చేపపిల్లల్ని పెంచడం, వాటి గుడ్లలో చచ్చినవాటిని ఏరేయడం. ఒక్కటి కుళ్ళినా పళ్ళెం మొత్తానికీ చేటు. ఆవగింజంత గుడ్లలో తెల్లబారినదాన్ని పట్టడంలో ఆమె కంటికి సాటి లేదు. దీన్ని తపస్సు అననక్కర్లేదు. జీతం వచ్చే పని, ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసింది.

ఆ ఏడు అక్కడి పరిశోధకురాలు చేప పిండంలోని ఒక ప్రోటీన్‌లో ప్రకృతిలో లేని అమైనో ఆమ్లాన్ని ఇరికించింది. దానికో మూత. తగిన వెలుగు పడితే మూత ఊడి ప్రోటీన్ పనిలోకి దిగుతుంది, గుండె వంకర తిరుగుతుంది. అల్యూమినియం రేకు చుట్టి చీకట్లో ఉంచిన పళ్ళెంలో మాత్రం గుండెలు మామూలుగా ఉండాలి.

లేవు. మూడుసార్లు చేసినా లేవు.

"మూత దానంతటదే ఊడుతోందక్కా. రెండేళ్ళ చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే. సోమవారం ల్యాబు పెద్ద సారు ఆపేయమంటారు," అంది పరిశోధకురాలు.

చేపలక్క చెయ్యి ఆగిపోయింది. రోజూ పొద్దున్నే ఆ రేకు విప్పింది తనే. ఆ వెలుగుకి మూత ఊడదని ఎర్రదీపం కిందే తెరవమన్నారు. ఆ దీపం కింద తెల్లబారిన గుడ్డు తెలియక, రెండు నిమిషాలకేమవుతుందిలే అని కిటికీ దగ్గర పగటి వెలుగులో ఏరి, మళ్ళీ పొందిగ్గా చుట్టేది.

ఇంట్లో సంగతి చెబితే, టైలరు మొగుడు కత్తెర పక్కన పెట్టాడు.

"నువ్వు నోరు మెదపకపోతే చేపలొచ్చి చెబుతాయా? నీ కొత్త కాంట్రాక్టు మీద సారు సంతకమే పడలేదింకా."

"ఆ పిల్ల తప్పు తనదనుకుంటోంది. జాకెట్టు నువ్వు పాడుచేసి, తప్పు తొడుక్కున్నావిడ ఒంటిదని ఎప్పుడైనా అన్నావా?"

"చాలాసార్లు అన్నాను," అన్నాడతను. ఇద్దరూ నవ్వలేదు.

మర్నాడు సారు ముందూ పరిశోధకురాలి ముందూ చెప్పేసింది. సారు ఒకటే అడిగాడు: "మూడుసార్లూనా?"

"మూడుసార్లూ నేనే సార్."

నాలుగోసారి రేకు ఎవరూ విప్పలేదు. చచ్చినవాటిని ఏరక నలభై గుడ్లలో పదకొండు కుళ్ళిపోయాయి. మిగిలినవాటి గుండెలు మామూలుగా కొట్టుకుంటున్నాయి. ప్రయోగం నిలబడింది. చేపలక్క కాంట్రాక్టు మీద సంతకం పడలేదు.

ఆఖరి రోజు చేపలక్క ఎర్రదీపాన్ని పళ్ళెం కిందికి మార్చి పరిశోధకురాలిని పిలిచింది.

"తెలుపు వెతక్కు. బతికినదాంట్లోంచి వెలుగు దాటుతుంది. చచ్చినది నల్లగా కనబడుతుంది. చూశావా?"

"చూశానక్కా."

"నాకు ముందే తట్టాల్సింది," అంటూ గుడ్లు ఏరే పిప్పెట్ ఆ అమ్మాయి చేతికిచ్చింది.