చక్రం పిల్లకి దిష్టి

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గాని, పెళ్లికి ముందు ఆ రోజుల్లో తప్పనేది చేసే చోటును బట్టి ఉంటుందని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. క్లాంగు ఊళ్లో మా వీధి చివర ఒక లాటరీ షాపు ఉండేది. దాని ముందు నుంచి తల తిప్పుకుని నడిచేవాణ్ణి. వరసలో నిలబడ్డ పెద్దవాళ్లని చూసి, పాపం, ఈ వయసులో కూడా బుద్ధి రాలేదే అని జాలిపడేవాణ్ణి కూడా. అంత బుద్ధిమంతుణ్ణి, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, సోఫాలో వాలి, ఫోనులో జూదం ఆడుకునేవాణ్ణి. ఆ సైటు అడుగున చిన్న అక్షరాలతో, ఎక్కడో సముద్రం మధ్యనున్న ఒక దీవి ప్రభుత్వం తమకి లైసెన్సు ఇచ్చిందని రాసి, పక్కన ఒక ముద్ర వేసి ఉండేది. ఆ దీవి పేరు పలకడం కూడా నాకు రాదు. అయినా నా మనసుకి ఆ ముద్ర చాలు. ఆట జరిగేది అక్కడ, నేనున్నది ఇక్కడ, కాబట్టి నేను ఆడనట్టే. (మా దేశంలో అది నేరమని తెలియక కాదు. తెలిసిన సంగతిని కాస్త దూరంగా జరిపి పెట్టుకోవడంలో అప్పట్లో నాకు మంచి నేర్పు ఉండేది.)

అప్పుడు రబ్బరు గ్లవ్సు ఫ్యాక్టరీలో నాది మధ్యాహ్నం షిఫ్టు. పొద్దున అమ్మా నాన్నా పనులకి వెళ్లిపోతే, నేను వెళ్లేదాకా ఇల్లంతా నాదే. ఆ సైటులో నాకు నచ్చినది బొమ్మల ఆట కాదు. నిజమైన మనిషి నిలబడి నిజమైన చక్రం తిప్పే ఆట. ఏ దేశమో తెలియదు, ఒక తెల్లపిల్ల నల్ల గౌను వేసుకుని బల్ల వెనక నిలబడి, నవ్వుతూ చక్రం తిప్పి గోలీ వదిలేది. మనం ఏదైనా టైపు చేస్తే చదివి జవాబు చెప్పేది. నేను అక్కడ పెట్టుకున్న పేరు కొబ్బరి రాజా. మాది తాతల కాలంలో సముద్రం దాటొచ్చి బాగన్ దాతుక్ అనే ఊళ్లో కొబ్బరితోటల పనికి కుదిరిన కుటుంబం కదా, వేరే గొప్ప ఏమీ తోచలేదు. నేను లోపలికి రాగానే ఆ పిల్ల "వెల్‌కమ్, కొబ్బరి రాజా" అనేది. ఫ్యాక్టరీలో నన్ను పేరు పెట్టి పిలిచేవాడే లేడు, బ్యాడ్జీ నంబరే. ఆ పలకరింపు కోసం నేను ఎంత పోగొట్టుకున్నానో చెప్పను గాని, అమ్మకి కొనిపెడతానన్న బట్టలుతికే మెషిను ఆ చక్రంలోనే తిరిగి తిరిగి వెళ్లిపోయింది. అమ్మ ఎప్పుడు అడిగినా, మంచి ఆఫర్ కోసం చూస్తున్నానని చెప్పేవాణ్ణి. ఆవిడ సరేనని బకెట్టు దగ్గరికి వెళ్లేది.

అలాంటి రోజుల్లో మా నానమ్మ కంటి ఆపరేషన్ కోసం బాగన్ దాతుక్ నుంచి మా ఇంటికొచ్చింది. తోటలోనే పుట్టి, తోటలోనే పనిచేసి, మా నాన్నని తోటలోనే పెంచిన మనిషి. అంతకుముందు ఆవిడకి మనుషులు నీడల్లా కనపడేవారు. కట్టు విప్పాక కనపడనిదంటూ లేకుండా పోయింది. ఫ్యాను రెక్కల మీద దుమ్ము, నాన్న జుట్టుకి వేసుకునే రంగు, నా చొక్కా కాలరు మీద మురికి, అన్నీ పైకి చదివేది. ఆవిడ కంట్లో వేసే చుక్కల మందు తేవడం నా పని. ఆ మందులషాపులో ఒక అమ్మాయి ఉండేది. వాళ్ల నాన్నగారు తెలుగు, అమ్మగారు తమిళం. తెలుగు ఆచితూచి మాట్లాడేది. నేను అవసరానికి మించి చుక్కల మందు కొంటున్నానని ఆ అమ్మాయికి తొందరగానే అర్థమైంది. "మళ్లీ అయిపోయిందా? పాట్టికి కంట్లో వేస్తున్నారా, రసంలో పోస్తున్నారా?" అని అడిగింది ఒకరోజు. (పాట్టి అంటే తమిళంలో నానమ్మ.) ఆ మాట నేను ఫ్యాక్టరీలో షిఫ్టంతా నెమరేసుకున్నాను. నానమ్మకి కూడా ఆ అమ్మాయి నచ్చింది. వాళ్లింటికి కబురు పెడదామని అమ్మతో అంది. అమ్మ ఆ ఇంటివాళ్లతో మాటవరసకి అని కూడా ఉంచింది. నా జీవితంలో అంత సాఫీగా సాగిన పని అంతకుముందు లేదు.

సరిగ్గా అప్పుడే ఒక పొద్దున నేను సోఫాలో ఉండగా, నానమ్మ వెనకనుంచి వచ్చి నిలబడింది. నేను చూసుకోలేదు. ఫోనులోంచి ఆ పిల్ల ఎప్పటిలాగే నవ్వుతూ వెల్‌కమ్, కొబ్బరి రాజా అంది.

"ఎవుత్తిరా ఈ గుంట?" అంది నానమ్మ.

జూదం అని చెప్పే ధైర్యం లేదు. స్నేహితురాలు నానమ్మా అన్నాను. నానమ్మ నా పక్కన కూర్చుని, కొత్త కళ్లతో ఆ పిల్లని నఖశిఖపర్యంతం చూసింది. "కొబ్బరి అన్నాది. మన తోట సంగతి కూడా సెప్పేసినావేటి?" అని అడిగింది. చెప్పానన్నాను. ఆవిడ మొహంలో వెలుగు చూశాక, కాదని చెప్పడం ఇక నా వల్ల కాలేదు. ఒక్క తప్పుని దాచడానికి ఇంకోటి ఎంత సుఖంగా అమరిందో అని ఆ క్షణాన సంతోషించాను కూడా. సిగ్గులేని సంతోషం.

మర్నాడు నానమ్మ తనే వచ్చి ఫోను తెరవమంది. చేతిలో ఉప్పూ ఎండుమిరపకాయలూ ఉన్నాయి. అంత తెల్లటి పిల్లకి ఎన్ని కళ్లు తగులుతాయో అని, ఫోను చుట్టూ తిప్పి దిష్టి తీసింది. అటు గోలీ తిరుగుతోంది, ఇటు మిరపకాయలు తిరుగుతున్నాయి. సరిగ్గా అప్పుడు ఆ పిల్ల రెండు చేతులూ అడ్డంగా ఊపి నో మోర్ బెట్స్ అంది. ఏటంటన్నాది అని నానమ్మ అడిగితే, ఇంక చాలు అంటోందన్నాను. మర్యాద తెలిసిన పిల్ల అని నానమ్మ మెచ్చుకుని, మిరపకాయలు పొయ్యిలో వేసింది. ఇద్దరం దగ్గుతూ కూర్చున్నాం.

ఇంతలో చక్రం దగ్గర షిఫ్టు మారింది. ఆ పిల్ల పక్కకి తప్పుకుని ఇంకో పిల్ల వచ్చింది. గుంట మారిపోయినాదేటి అని నానమ్మ కంగారుపడింది. వాళ్ల చెల్లెలన్నాను. కాసేపటికి బో టై కట్టుకున్న ఒకతను వచ్చాడు. అన్నయ్యన్నాను. (ఆ పూట మరి కాసేపు కూర్చుంటే మావగారు కూడా వచ్చేవారు.) నానమ్మకి అనుమానం రాలేదు సరికదా, గౌరవం పెరిగింది. ఆవిడ బతుకంతా తోటలో గంట కొడితే పనికెళ్లి, గంట కొడితే ఇంటికొచ్చిన మనిషి. ఇంటిల్లిపాదీ వంతులేసుకుని పనిచేసే కుటుంబం ఆవిడకి ఎక్కడలేనంతగా నచ్చింది. ఒక్కటే వెలితి చెప్పింది. "కూకోడానికి కుర్చీ ఇవ్వరేటిరా ఆ గుంటకి? మంచినీళ్ల గలాసైనా కనపడదు."

ఆ మాటని నేను నవ్వి వదిలేశాను. ఎన్నో పూటలుగా చూస్తున్న నాకు, ఆ పిల్ల నిలబడి ఉందన్న సంగతి అప్పటిదాకా కనపడలేదని తర్వాత తోచింది.

కథ అక్కడితో ఆగితే బాగుండేది. ఒక సెలవురోజు సాయంత్రం మందులషాపుకి వెళితే, ఆ అమ్మాయి రసం మాట ఎత్తకుండా సీసా కవర్లో పెట్టి ఇచ్చింది. చిల్లర కూడా బల్ల మీద పెట్టింది, చేతికివ్వలేదు. "కంగ్రాట్స్ లా. ఫోనులో పిల్ల చాలా బాగుంటాదంట కదా. పాట్టి వచ్చి చెప్పింది" అంది. (లా అనేది మా దగ్గర ఏ మాట చివరైనా తగిలించే తోక.) తెలుగులో ఎక్కడా ఆగకుండా ఆ అమ్మాయి నాతో మాట్లాడటం అదే మొదలు. నానమ్మ పొద్దున టాక్సీ కట్టించుకుని వచ్చి, మా వాడికి సంబంధం కుదిరిపోయింది, మీరు మరోలా అనుకోవద్దని చెప్పి, వాళ్లింట్లో వాళ్లకి పళ్లు కూడా ఇచ్చి వెళ్లిందట. ఆవిడ పద్ధతి ఆవిడది. మాట తప్పాడని ఎవరూ తన మనవణ్ణి అనకూడదు. నేను ఆ సీసా పట్టుకుని ఎండలో నిలబడిపోయాను. దీవిలో జరుగుతోందనుకున్నది మా వీధిలోనే జరిగిందని అప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చేసరికి నానమ్మ వంటింట్లో కింద కూర్చుని ఎండు నెత్తళ్ల తలలు గిల్లుతోంది. నేనూ ఎదురుగా కూర్చున్నాను. గిల్లడం మొదలుపెట్టాను. చేతులు పనిలో ఉంటే నోరు తేలికవుతుందనిపించింది.

"ఆ గుంట ఎవుత్తో నాకు తెలీదు నానమ్మా. అది జూదం. డబ్బులెట్టి ఆడతన్నాను."

నానమ్మ చెయ్యి ఆగలేదు. "గెలిసినావా?"

"నేదు."

"మీ తాతా గెలవనేదు." ఇంకో చేప తల గిల్లింది. "ఆడు తోటెనకాల పేకాడేవోడు. నేనెల్లి సెవట్టుకుని లాక్కొచ్చేదాన్ని. నువ్వు ఏ దీవిలో ఆడతన్నావో, నేనెక్కడికని రావాల?"

మెషిను సంగతి కూడా చెప్పేశాను. అది విన్నప్పుడు మాత్రం నానమ్మ తలెత్తి పెరట్లో అమ్మ ఆరేసిన బట్టల వైపు చూసింది. కాసేపటికి వేరే ప్రశ్న అడిగింది. ఆ పిల్లకి మన మొహాలు కనపడతాయా అని. కనపడవన్నాను. మరి దిష్టి తీసినప్పుడు? అప్పుడూ కనపడలేదు. నానమ్మకి కోపమొస్తుందనుకున్నాను.

"పాపం. కనపడనోలందరికీ నవ్వతా నిలబడాలన్నమాట" అంది.

తర్వాత చేతులు కడుక్కుని, ఆట మానేసే ముందు ఆ పిల్లతో చెప్పమంది. అన్నాళ్లు వాళ్లింటికి వెళ్లి చెప్పకుండా రావడం పద్ధతి కాదట. నేను సరేనని ఫోను తెరుస్తుంటే చెయ్యి పట్టుకుంది. మా ఇంట్లో ఎవరు గడప దాటినా వెళ్లొస్తానని చెప్పి తీరాలి. వెళ్తానంటే నానమ్మ మనిషిని వెనక్కి పిలిచి కూర్చోబెట్టి, మళ్లీ సరిగ్గా చెప్పించి పంపేది. అలాంటి ఆవిడ ఆ పూట చెప్పింది: "ఎల్లొత్తాననకు. ఎల్లిపోతన్నానని సెప్పు."

నాకొచ్చిన ఇంగ్లీషులో టైపు చేశాను. కొబ్బరి రాజా వెళ్లిపోతున్నాడు, మళ్లీ రాడు, వాళ్ల నానమ్మ నిన్ను కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగమంటోంది అని. ఆ పిల్ల అలవాటుగా పైకి చదవడం మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయింది. ఎప్పుడూ నవ్వే నవ్వు ఒక క్షణం పోయి, దాని వెనకనుంచి ఇంకో నవ్వు వచ్చింది, కొంచెం వంకరగా, అలసటగా, మా వీధిలో ఎవరైనా నవ్వేలాగే. మీ నానమ్మకి థాంక్స్ చెప్పు అని, గోలీ చేతిలోకి తీసుకుంది. నేను ఖాతా మూసేశాను. నిజంగా మూసేయాలా, బాగా ఆలోచించుకున్నావా అని ఆ సైటు అడుగుతూనే ఉంది. ఆఖరి బొత్తాం నానమ్మే నొక్కింది. ఫోనుకి చాలాసేపు చేపల వాసన వచ్చింది.

మర్నాడు నానమ్మ నన్ను మందులషాపుకి లాక్కెళ్లింది. (చెవి పట్టుకోలేదు గాని, అంతపనీ చేసింది.) నలుగురు కొనుక్కునేవాళ్ల ముందు మొత్తం చెప్పేసింది. పాలలో కలుపుకునే మైలో పొడి కొనడానికొచ్చిన ఒకాయన డబ్బా పట్టుకుని చివరిదాకా విన్నాడు. ఆ అమ్మాయి నా వైపు చూసి, అయితే పిల్ల లేదా అని అడిగింది. లేదన్నాను. జూదం? ఇప్పుడు అదీ లేదన్నాను. ఫోను ఇమ్మని, వేలితో అటూ ఇటూ జరిపి చూసి, "ఇవాళ చూస్తే సరిపోదు. వచ్చే నెల కూడా తెచ్చి చూపించండి" అంది. చుక్కల మందు అవసరం తీరిపోయాక కూడా నేను ఫోను చూపించడానికి వెళ్లాను. అంత తేలిగ్గా ఏమీ జరగలేదు. తోచనప్పుడల్లా నా బొటనవేలు తెర మీద ఆ పాత చోటికి దానంతటదే వెళ్లేది. అక్కడ ఏమీ లేకపోతే కాసేపు వెతికేది కూడా. వాళ్లింట్లో పెద్దవాళ్లు చాలాకాలం ఆగి, నన్ను బాగా చూసి, అప్పుడు ఒప్పుకున్నారు. వాళ్లని నేనేమీ అనను. వాళ్ల స్థానంలో ఉంటే నేను ఇంకా ఆగేవాణ్ణి.

ఇప్పుడు ఆ అమ్మాయే మా ఆవిడ. అమ్మకి మెషిను వచ్చింది. అది గిర్రున తిరుగుతుంటే, పక్కన నిలబడి ఒక్కోసారి అలాగే చూస్తూ ఉండిపోతాను. పందెం కాశారా అని మా ఆవిడ వెనకనుంచి అడుగుతుంది. పెద్ద దుకాణాలకి వెళ్లినప్పుడు, బల్ల వెనక నిలబడి నవ్వే పిల్లలు కనపడితే నా చూపు ముందు వాళ్ల వెనక కుర్చీ కోసం వెతుకుతుంది. చాలాచోట్ల ఉండదు.

నానమ్మ తిరిగి బాగన్ దాతుక్ వెళ్లిపోయింది. కళ్లు మళ్లీ కొంచెం మసకేశాయి, జ్ఞాపకం అంతకంటే ఎక్కువ మసకేసింది. జూదం సంగతీ మెషిను సంగతీ ఆవిడకి గుర్తులేవు. మేం వెళ్లి, తిరిగి బయల్దేరేటప్పుడు కారు దాకా వచ్చి, వెళ్లొస్తామని ఇద్దరిచేతా చెప్పించుకుని, అప్పుడు నన్ను పక్కకి పిలిచి అడుగుతుంది. "ఒరే, ఆ గుంట కూకున్నాదేటి?"

"కూకున్నాది నానమ్మా. నీళ్లు కూడా తాగినాది" అంటాను.

అబద్ధాలన్నీ మానిపించిన మా ఆవిడ, ఆ ఒక్కటి చెప్పేటప్పుడు మాత్రం కారులో అటు తిరిగి కూర్చుంటుంది.