బెల్లం గోదాంలో పావురాల పెంట

లింగవ్వ ఆటో దిగేసరికే గోదాం కిటికీల్లోంచి తెల్లటి దుమ్ము బయటికి వస్తోంది. లోపల ఊడుస్తున్నది ఆమె తమ్ముడు వేణు. అతను పావురాల రెట్ట ఎత్తే పనికి పోయాడని పొద్దున మరదలు ఫోన్లో మాటవరసకు చెబితే పరుగెత్తుకొచ్చింది.

బోధన్‌లో వర్ని రోడ్డు మీది ఆ పాత బెల్లం గోదాంను కూలగొట్టి దుకాణాలు కట్టబోతున్నారు. అటక నిండా పావురాల రెట్ట, మోకాలిలోతు. పసుపు చేలకు మంచి ఎరువు. అయితే పొడిగా ఉంటేనే రైతు తీసుకుంటాడు. అందుకే నీళ్లు చల్లనివ్వరు.

నిరుడు లింగవ్వ భర్త నర్సింలు కోటగిరిలో ఇట్లాగే మూడు రోజులు పొడి రెట్ట ఎత్తాడు. ఆ తర్వాత జ్వరం, దగ్గు. టీబీ అనుకుని నెలల తరబడి మందులు మింగాడు. "పావురాల దగ్గర పని చేసినవా?" అని నిజామాబాద్‌లో ఒక డాక్టరు అడిగేసరికే ఆలస్యమైంది. పడుకుంటే ఊపిరాడక, చివరి రోజుల్లో గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయాడు.

"వేణూ! బయటికి రా!"

"ముక్కుకు దస్తి కట్టుకున్న గదక్కా!"

"మీ బావ గూడ కట్టుకుండు."

మేస్త్రీ చంద్రయ్య నవ్వాడు. "మా అవ్వ పావురాల నడుమనే ఎనభై ఏండ్లు బతికింది. ఇంటికి పోయి కూరొండుకో, చెల్లె."

"వండితే తినేటోడు ఉండాలె గద, అన్నా."

చంద్రయ్య నవ్వు ఆగింది. లోపల చీపురు ఆగలేదు. వేణు దగ్గాడు.

కూల్చేటప్పుడు గోడలు తడిపేందుకు తెచ్చిన పైపు గుమ్మం పక్కనే చుట్టి ఉంది. లింగవ్వ కొంగు తడిపి ముక్కుకు కట్టుకుంది. మోటరు వేసి, నిచ్చెన ఎక్కి, పైపు మూతికి బొటనవేలు అడ్డంపెట్టి అటకంతా జల్లు కొట్టింది.

"అరే, మాల్ ఖరాబైతుంది!" ట్రాక్టరుతో వచ్చిన రైతు ఆత్మారాం అరిచాడు. "ఇది నాకొద్దు!" అని ఖాళీ ట్రాక్టరు తిప్పుకుని పోయాడు.

"ఇజ్జత్ తీసినవక్కా," అన్నాడు వేణు. "రేపటి సంది నన్నెవరు పిలుస్తరు?"

చంద్రయ్య తిట్టుకుంటూనే పారలు తెప్పించాడు. ముద్దయిన రెట్టను ఎత్తినంతసేపూ, తెల్లగా పొడి కనిపించిన చోటల్లా లింగవ్వ నీళ్లు జల్లుతూనే ఉంది. తమ్ముడు ఆమె వైపు చూడలేదు.

పని ముగిశాక అతని వెనకాలే రోడ్డు మీదికి నడిచింది.

"పొద్దుటి దుమ్ము లోపలికి పోనే పోయింది. రేపు నిజామాబాద్ పోదాం. పావురాల సంగతి డాక్టరుకు మొదాలే చెప్పాలె."

వేణు మొహం తిప్పుకుని ఆటో ఎక్కాడు. ఆటో కదలబోతుంటే తల బయటపెట్టాడు.

"ఏ బస్సుకు?"